మేడిపండులోని కాపురము

మా పొరుగింటి వదినగారి దొడ్డిలో, నూతిగట్టు ప్రక్కను, ఒక పెద్ద మేడిచెట్టు కలదు. మ్రాను పొడుగునను, లావుపాటి కొమ్మల మీదను దానికి కాయలు గుత్తులు గుత్తులుగ వ్రేలాడును. అవి పండు దినములలో నేలయంతయు ఎఱ్ఱగ నలిగి, దోమలు ముసరి, నీళ్లకు వచ్చినవారికి కాలు పెట్ట చోటుండదు. గడచిన వేసవిలో వదినగారు విసిగి, చెట్టును కొట్టించివేయ నిశ్చయించి, గొడ్డలివానికి కబురంపి బయానా కూడ నిచ్చిరి. "పండు నోట పెట్టుటకు లేదు, పువ్వు తల్లో పెట్టుటకు లేదు, కడుపునిండ పురుగులు. ఇటువంటి చెట్టు ఇంట నుండి యేమి లాభము వదినా?" అని వారు మాతో ననిరి.

మాకు వెంటనే ప్రత్యుత్తరము తోచలేదు. ఆ సాయంకాలమే మా చిన్నమ్మాయి ఒక దోరకాయను కోసి తెచ్చి, చీల్చి చూచి, "అమ్మా! పైన ఒక్క చిల్లైనను లేదే. మఱి ఈ పురుగులు లోపలి కెట్లు పోయినవే?" అని యడిగెను. పుట్టుకతోనే వచ్చినవని చెప్పి తప్పించుకొనవచ్చును. మా చిన్ననాడు మా యమ్మమ్మగారు మాకు చెప్పిన సమాధానము నదియె. కాని బిడ్డ యడిగిన ప్రశ్న న్యాయమైనది; తెలియని దానికి తెలిసినట్లు బదులు చెప్పుటకు మాకు మనసొప్పలేదు. మావారు తెచ్చియిచ్చిన గ్రంథములలో వెదకగా వెదకగా దొరకిన సమాధానము మా ప్రశ్న కంటె పెద్దదై, వదినగారి ప్రశ్నకును కొంతవఱకు బదులైనది. దానిని సోదరీమణులకు చెప్పకుండ నుండలేక ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

అమరకోశమును వల్లెవేసిన దినములలో ఈ చెట్టు పేళ్లను గూర్చి మేము నిలిచి యాలోచించిన వారము కాము. ఉదుంబరమునకు జంతుఫలమను పేరును, యజ్ఞాంగమను పేరును అందు కలవు. కడుపులో జంతువులు గల పండనియు, యజ్ఞమున కుపకరించు చెట్టనియు ఒక్క చెట్టునకే పేళ్లు పెట్టిన పెద్దలకు ఆ రెంటికిని విరోధము కనబడలేదు కాబోలును. శుక్రగ్రహమునకు నేటికిని మేడిసమిధలనే వేల్తురు. దత్తాత్రేయులవారు ఆ నీడను వసింతురని భక్తులు ప్రదక్షిణములు చేయుదురు. ఇంతటి చెట్టు పేరు మన యిండ్లలో తిట్టుమాటగ మాఱినది. వేమన యోగి పిఱికివాని డాంబికమును ఎత్తిచూపుటకు మేడిపండును ఉపమానముగ దెచ్చుకొనెను. ఆయన యుద్దేశించినది ఒకానొక మనుష్యుని. మనమో, క్రొత్తగ కాపురమునకు వచ్చిన పిల్ల నాలుగు మంచిమాటలాడినను "అంతయు మేడిపండు" అని పెదవి విఱతుము. ఇది పద్యము తప్పు గాదు. మన నోటి తప్పు. ఆ పండులోని పురుగుల కథ తెలిసిన పిమ్మట మాకా మాట నోట రాకున్నది.

ఈ కథను చిరకాలము శ్రద్ధగ పరిశోధించినవారిలో ఒక విదుషీమణి యుండుట మనకు సంతోషము గలిగింపవలసిన విషయము. బెంగుళూరులో 1909వ సంవత్సరమున స్థాపింపబడిన భారతీయ విజ్ఞాన సంస్థలో ఆచార్య రెనీ బోర్జెస్‌గారు తమ శిష్యులతో గూడి మేడిచెట్లను పరిశీలించిరి. జంతువు ఏల యట్లు నడచుకొనుచున్నది, ఆ నడవడి చుట్టునున్న చెట్టుచేమలతో ఎట్లు ముడిపడియున్నది యను విచారణయే వారి శాస్త్రము. వారు తొలుత సహ్యాద్రియందలి భీమశంకరపు టడవులలో బెట్టుడుతలు ఏ చెట్టున ఏమి తినునో చూచుచు తిరిగి, ఆ పరిశోధనకై 1989లో అమెరికా యందలి మియామీ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమును బొందిరి. చంద్రుడు లేని రాత్రి నక్షత్రముల వెలుతురులోనే రంగులను గుర్తుపట్టగల తుమ్మెదను గూర్చి 2008లో వెలువడిన పరిశోధనలో వారును భాగస్వాములు. సహ్యాద్రిలోనే బోలుకొమ్మలు గల ఒక చిన్నచెట్టు కలదు. ఆ బోలులో చీమలును, చెట్లెక్కు నొక వానపామును కాపురముండును. చెట్టును కాపాడని చీమలు గూడ అందు చేరును. ఊరక తిని కూర్చుండు ఈ యద్దెవారి వలన చెట్టుకు లాభమేమని పరీక్షింపగా, వారు విడిచిన మలినముల నుండి చెట్టు తనకు వలయు నత్రజనిని గ్రహించుచున్నదని 2014లో తేలినది. అద్దె ముట్టుచునే యున్నదన్నమాట. ఇవన్నియు వినదగినవే యైనను మన ప్రశ్న మేడికాయను గూర్చినది కావున అచటికే పోవుదము.

మేడికాయను నిలువుగ రెండు చెక్కలు చేసి భూతద్దముతో చూడుడు. గోడ లోపలివైపున ఆవగింజ కంటె చిన్నవైన పువ్వులు వేలకొలది క్రిక్కిఱిసి యుండును. మనము కాయ యనుకొనునది నిజమునకు కాయ గాదు. పువ్వులన్నిటిని లోపలికి ముఖము పెట్టించి మూతి బిగించిన సంచి. మల్లె, చేమంతి మొదలగునవి తమ పువ్వులను లోకమునకు చూపి తుమ్మెదలను పిలుచుచుండగా, మేడి తన పువ్వులను ఘోషాలో నుంచినది. బౌద్ధగ్రంథములలో మిక్కిలి యరుదైన దానిని ఉదుంబరపుష్పముతో పోల్చుట కలదు. ఆ పుష్పము అరుదు గాదు, ఏటేట లక్షలకొలదిగ మన దొడ్లలో పూయుచునే యున్నది. చీల్చి చూచువారే యరుదు. కాయ కొనయందు బొడ్డు వంటి చిన్నరంధ్ర మొకటి కలదు. అదియు పొలుసుల వంటి రేకులచే గట్టిగ మూయబడియుండును. మా చిన్నమ్మాయి వెదకిన ద్వార మదియె.

ఈ ద్వారమును దూరగల ప్రాణి ఒక చిన్న యీగ. కందిరీగల కులములోనిది గాని కుట్టదు. నువ్వుగింజ కంటె పెద్దది గాదు. శాస్త్రజ్ఞులు దీనిని సెరటోసొలెన్ ఫ్యూసిసెప్స్ అందురు. ఆ పేరు మన నోట తిరుగుట కష్టము కావున మేడియీగ యందము. కాయలోని ఆడుపువ్వులు సిద్ధమైనపుడు చెట్టు తనకు మాత్రమే సహజమైన యొక పరిమళమును విడుచును. మన ముక్కునకు అది అంతగ తెలియదు. ఎచటనో యున్న మేడియీగకు తెలియును. ఆమె గాలినెక్కి వచ్చి, కాయపై వ్రాలి, ఆ మూసిన ద్వారమున తల దూర్చి, రేకుల నడుమ ఒరసికొనుచు లోపలికి ప్రాకును. ఆ ప్రాకులాటలో ఱెక్కలు ఊడి గుమ్మమునందే మిగిలిపోవును. ఇక వెనుకకు పోవు మాట లేదు. ఆమె జీవితమే ఒకటి రెండు దినములు; అందు మిగిలినది ఆ చీకటి గదిలోనే గడువవలయును.

లోనికి వచ్చిన యీగ రెండు పనులు చేయును. తాను పుట్టిన చెట్టు నుండి రొమ్ముననున్న చిన్నసంచులలో మోసికొనివచ్చిన పుప్పొడిని పువ్వుల మీద నుంచును. పిమ్మట తన సూదిని పువ్వు నడిమి కాడలోనికి దింపి గ్రుడ్డు పెట్టును. ఈ కాడలు అన్నియు నొక పొడుగు గావు. పొట్టికాడ గల పువ్వునకు ఆమె సూది అడుగంట నందును. అచట పిల్ల పెరుగును. పొడుగుకాడ గల పువ్వునకు సూది చాలదు. అచట పుప్పొడి మాత్రము పని చేసి విత్తనము గట్టును. ఒక్క యింటిలోనే చెట్టు బిడ్డలును, ఈగ బిడ్డలును వేఱు వేఱు గదులలో పెరుగుదురు. పని ముగిసిన తల్లి అక్కడనే ప్రాణము విడుచును.

కొన్ని వారములకు లోపలి పిల్లలు పెద్దవగును. మొదట మగవి బయటపడును. వానికి ఱెక్కలుండవు, చూపు నంతంతమాత్రము. జన్మమంతయు ఆ కాయలోనే. అవి ఆడుపిల్లలున్న గదులకు రంధ్రములు చేసి, వానితో గూడి, పిమ్మట అన్నియు నొకచోట చేరి కాయగోడను కొఱికి బయటికి దారి తొలుచును. ఆ దారిని తాము ఎగిరిపోవుటకు ఱెక్కలు లేవు. తొలిచి తొలిచి బయటపడినవి చీమల నోట బడును. అప్పటికి కాయలోని మగపువ్వులు పండి పుప్పొడితో నిండియుండును. ఆడుయీగలు ఆ పుప్పొడిని తమ సంచులలోనికి నింపుకొని, అన్నదమ్ములు తొలిచిన దారిని వెడలి, మఱియొక చెట్టును వెదకుకొనుచు పోవును. వారు పోయిన తరువాతనే కాయ మెత్తబడి, ఎఱ్ఱనై, తీపియెక్కి పండగును. పుట్టినింటి నుండి పసుపుకుంకుమలతో వెడలి మఱల రాని యాడపడుచులు మాకు తలపునకు వచ్చిరి. కాని ఉపమానమును మేమంతటితో విడుతుము. ఈగ కథ ఈగదే.

ఈ పొత్తు క్రొత్తది గాదు. సుమారు ఏడున్నర కోట్ల సంవత్సరముల నాటిదని 2012లో ప్రకటింపబడిన పరిశోధన లెక్కగట్టినది. మఱ్ఱి, రావి, జువ్వి మొదలగునవన్నియు మేడి కులమునకే చెందినవి. ప్రపంచమున ఇట్టివి 750 జాతులకు పైగ కలవు. పెక్కింటికి వాని వాని యీగ వేఱు. మఱ్ఱియీగ మేడిలోనికి పోదు, మేడియీగ మఱ్ఱిలోనికి పోదు.

ఇదంతయు ప్రేమవలన జరుగుచున్నదని తలచినచో పొరపాటు. ఈగ కోరునది అన్ని పువ్వులలోను తన గ్రుడ్లే యుండవలయునని. చెట్టు కోరునది అన్నియు విత్తనములే కావలయునని. ఇద్దఱును లెక్క చూచుకొనువారే. పుప్పొడి తేకుండ ఊరక వచ్చి గ్రుడ్లు పెట్టిపోయిన యీగను చెట్టు ఏమి చేయునో పనామా దేశమున పరీక్షించి 2010లో ప్రకటించిరి. తమ చేతులతో పుప్పొడిని ఉంచవలసిన జాతులలో, అట్టి పని చేయని యీగ దూరిన కాయలను చెట్టు పిందెలుగనే రాల్చివేయుట, లేక అందు పిల్లలను కొలదిగ మాత్రమే పెరుగనిచ్చుట కనబడినది. ఇల్లు నడుపువారికి ఈ న్యాయము వేఱుగ వివరింప నక్కఱలేదు.

ఈగ లేకున్న నేమగునో అమెరికా రైతులు సొమ్ము పోగొట్టుకొని నేర్చుకొనిరి. మనము అంగడిలో కొను అంజూరపు పండు మేడికి దాయాది. అంజూరలో కొన్ని రకములు ఈగ లేకయే పండును. తురుష్కదేశపు స్మిర్నా రకము అట్టిది గాదు. 1880 తరువాత కాలిఫోర్నియాలో ఆ రకమును తెచ్చి తోటలు వేసిరి. చెట్లు ఏపుగ పెరిగినవి, పిందెలు వేసినవి, పిందెలన్నియు రాలిపోయినవి. నీరు చాలదని కొందఱు, నేల మంచిది గాదని కొందఱు, విత్తు అమ్మినవాడు మోసగించెనని కొందఱు. స్మిర్నాలో రైతులు అడవి అంజూరపు కాయలను తెచ్చి తోటచెట్లకు వ్రేలాడగట్టుదురన్న మాట చెప్పినచో, అది పామరుల మూఢాచారమని నవ్వినవారును గలరు. తుదకు 1899లో ఆ యడవికాయలలోని ఈగను తెచ్చి నిలుకడ చేసిన తరువాతనే పండ్లు నిలిచినవి. పురుగు పట్టుటచే పండు చెడినదని మనమందుము. పురుగు పట్టకపోవుటచే పండే లేకపోయినదని వారు కనుగొనిరి.

ఇక మేడికాపురమునకు దొంగల బెడదయు కలదు. బెంగుళూరు మేడిచెట్ల మీద మేడియీగ కాక మఱి యాఱు జాతుల యీగలు చేరును. అవి పుప్పొడి తేవు; ద్వారమున దూరవు; కాయ వెలుపల కూర్చుండి పొడవైన సూదితో గోడను తూట్లు పొడిచి లోపల గ్రుడ్లు పెట్టును. కొన్ని మేడియీగ రాకమునుపే వచ్చి పువ్వుల నాక్రమించును. కొన్ని పిమ్మట వచ్చి, అప్పటికే లోనున్న పిల్లలను తమ పిల్లల కాహారము చేయును. కాయ ముదురుకొలది గోడ దళసరి యగును గదా. అందుచే ఏ జాతి ఏ దశలో వచ్చునో దానికి తగిన పొడుగును, మొనయు దాని సూదికి కలవని బోర్జెస్‌గారి బృందము 2011లో ప్రకటించినది. ఆ సంస్థలోనే యంత్రశాస్త్రజ్ఞులు ఈ సూదులలో నొకదానిని పెద్దది చేసి చూపు యంత్రములతో పరీక్షించి 2014లో చెప్పిన సంగతి మమ్ముల మిక్కిలి యబ్బురపఱచినది. మన తలవెండ్రుక కంటె సన్నమైన ఆ సూది కొనను ఱంపపు పండ్లు కలవు. అవి అరిగిపోకుండ వానియందు జింకు లోహము చేరియున్నది. లోహమును కఱగించు కొలిమి లేకయే ఈగ తన సూదికి పదును పెట్టుకొన్నది.

దొంగలున్నచోట కావలివారును గలరు. ఆకులను కుట్టి గూళ్లు కట్టుకొను ఎఱ్ఱచీమలు మేడిచెట్టు మీద తఱచుగ తిరుగుచుండును. వానికి మేడి మీద దయ యేమియు లేదు. అవి వేటకు వచ్చినవి. కాని వెలుపల కూర్చుండి చాలసేపు సూది దింపుచుండు దొంగయీగ వాని నోటికి సులభముగ జిక్కును. చప్పున లోనికి దూరిపోవు మేడియీగ తప్పించుకొనును. అందుచే చీమలున్న కొమ్మకు దొంగల బాధ తక్కువ. కాయ నుండి ఈగలు వెడలు సమయమున వచ్చు పరిమళమును చీమలు గుర్తుపట్టునని గూడ ఆ పరిశోధకులు 2009లో చూపిరి. అప్పుడు మాత్రము మన మేడియీగలును కొన్ని బలియగును. కావలివాని జీతము కొంత యుండును గదా.

ఇంతటితో కాలేదు. కాయలో కంటికి కానరాని నులిపురుగులు గూడ కలవు. వానికి నడచి మఱియొక చెట్టునకు పోవు శక్తి లేదు. కాయ యెండిపోవులోపల అవి ఏదో యొక వాహనము నెక్కవలయును. ఱెక్కలు లేని మగయీగ నెక్కినచో చావు. దొంగయీగ నెక్కినచో అది కాయలోనికి దూరదు. మేడియీగలలో ఆడుదాని నెక్కినచోనే మఱియొక కాయ లోపలికి చేరవచ్చును. ఈ నులిపురుగులు వాసనను బట్టి సరియైన వాహనమును ఏరుకొనునని 2010లో కనుగొనిరి. కొలదిమంది యెక్కిన ఈగకు చెప్పదగిన హాని లేదనియు, ఎక్కువమంది యెక్కినచో ఈగకును కాయకును నష్టమనియు 2019లో తేలినది. తమవారు ఇదివఱకే నిండియున్న యీగను విడిచి తక్కువమంది యున్నదానిని ఇవి చూచుకొనునట. పండుగనాటి రైలుపెట్టెలో మనము చేయునదియు నింతియె.

మేము వదినగారికి చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇప్పటికి వచ్చినది. ఒక మేడిచెట్టున కాయలన్నియు ఇంచుమించు ఒక్కసారియే పువ్వుదశకు వచ్చును, ఒక్కసారియే ఈగలను వదలును. కావున ఒక చెట్టులో పుట్టిన యీగకు ఆ చెట్టులో తావు దొరకదు. సరిగ ఆ దినములలోనే పువ్వులు సిద్ధముగ నున్న మఱియొక చెట్టును, ప్రాణముండు ఒకటి రెండు దినములలో, ఆమె కనుగొనవలయును. చెట్లన్నియు నొక్క ఋతువున గాక ఒక్కొక్కటి ఒక్కొక్కప్పుడు కాయుట ఇందులకే యుపకరించును. ఆఫ్రికాలో నమీబియా ఎడారి యందలి ఒక నదీతీరమున మేడికి దాయాదియైన సికమూరు చెట్లను పరిశీలించి, దాని యీగలు గాలివాటున 160 కిలోమీటర్ల దూరము పుప్పొడిని చేరవేసినవని 2009లో ప్రకటించిరి. నువ్వుగింజయంత ప్రాణి అంత దూరము పోగలదని వినిన పిమ్మట, ఒక్క దొడ్డిలోని చెట్టు పోయిన నేమియని యనిపింపవచ్చును. కాని గాలి అందఱిని అచటికే చేర్చదు. వెడలిన వేలమందిలో గమ్యము చేరువారు కొందఱే. నడుమనున్న ప్రతి చెట్టును దారిలోని సత్రము వంటిది. ఊరిలో నూతి కడ నొకటి, చెఱువుగట్టున నొకటి, గుడి వెనుక నొకటి యుండిననాడు సాగిన రాకపోకలు, అవి యొక్కొక్కటిగ కూలినపుడు తెగును. ఈగ రాని చెట్టు కాయలు పండవు.

ఎండయు దీనికి శత్రువగుచున్నది. బెంగుళూరు మేడిచెట్లను కనిపెట్టి చూచి, ఎండ తీవ్రముగ నున్నపుడు కాయలు చిన్నవై, అందు పుట్టు మేడియీగల సంఖ్య తగ్గుచున్నదని 2014లోనే ఆ పరిశోధకులు హెచ్చరించిరి. దొంగయీగలును తగ్గినవట గాని అది యూరట గాదు. అంతకు ముందటి సంవత్సరము సింగపూరులో నాలుగు జాతుల ఈగలను పరీక్షించినవారు, వేడి హెచ్చుకొలది వాని యాయువు తగ్గిపోవుట చూచిరి. ఉన్నదే ఒకటి రెండు దినములు. అందు సగము పోయినచో ఎంత దూరము పోగలదు?

చెట్టు పండినపుడు నేల మురికియగుట నిజమే. ఆ పండ్లను నమ్ముకొని పగలు కోకిలలు, గోరువంకలు, ఉడుతలు, రాత్రి గబ్బిలములు వచ్చును. మేడి కులపు చెట్లు కొన్ని పండిన పిమ్మట పగటివేళ నొక వాసనను, రాత్రివేళ మఱియొక వాసనను ఇచ్చునని బోర్జెస్‌గారును ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులును గూడి 2008లో వ్రాసిరి. ముక్కుతో వెదకు గబ్బిలమునకు రాత్రిపిలుపు వేఱుగ నుండుట న్యాయమే. ఇతర ఫలములు లేని దినములలో గూడ ఎచటనో యొక మేడియో, మఱ్ఱియో, రావియో పండుచునే యుండును గనుక పక్షులకు పస్తు తప్పుచున్నది.

వ్రతనియమములు గలవారు మమ్ములను ఒక మాట అడుగవచ్చును: ఈ పండు తినుట జీవహింస కాదా? జైనులు మేడి, మఱ్ఱి, రావి మొదలగు ఐదు ఫలములను ఈ కారణము చేతనే వర్జించిరి. వారి నియమము కన్ను తెఱచి చేసికొన్నదే. కాయ యెఱ్ఱబడునాటికి ఱెక్కలున్న మేడియీగలు చాలవఱకు వెడలిపోవును గాని, మగవి మిగులును, బయటి పురుగులును పిదప చేరును. కావున తినదలచినవారు చీల్చి, దులిపి, చూచి తినుట మంచిది. తినకున్నను దోషము లేదు. మా యింట లేతకాయలను కూర వండుదుము. ఇకముందు వండునపుడు ద్వారము వైపు ఒకమాఱు చూడకుండ నుండలేము.

ఇదంతయు మేము వదినగారికి ఒక్కరోజున చెప్పలేదు. మాటలతో నమ్మువారు గారు వారు. అందుచే దోరకాయ నొకదానిని చెట్టుననే యుంచి, పలుచని మల్లుగుడ్డ సంచిని దానికి తొడిగి మూతిని దారముతో బిగించి కట్టితిమి. సోదరీమణులును ఇట్లు చేయవచ్చును. కాయ మెత్తబడకముందు, రంగు తిరుగుచున్నపుడు కట్టవలయును. మొదటి సంచి వృథాయైనది, రెండవదానిని ఉడుత చింపినది. మూడవనాడు కట్టినదానిలో మఱునాటికి నల్లని చిన్న యీగలు గుంపులుగ ప్రాకుచుండెను. వానిని గాజుసీసాలోనికి దింపి, భూతద్దముతో సహా వదినగారి చేతికిచ్చితిమి. వారు సీసాను వెలుతురునకెత్తి చాలసేపు చూచి, "ఇంత చిన్నదానికి మీసములు గూడ నున్నవే!" అనిరి. పిమ్మట మా చిన్నమ్మాయిని పిలిచి, సీసా మూత తీసి గాలికి పట్టుమనిరి.

గొడ్డలివాడు తరువాతి వారము రానేవచ్చెను. ఇచ్చిన బయానాను వదినగారు తిరిగి యడుగలేదు. వానిచేత ఎండిన కొబ్బరిమట్టలను కొట్టించి, వానితోనే తడక యల్లించి మేడిచెట్టు క్రింద పఱపించిరి. ఇప్పుడు రాలిన పండ్లను ప్రతి యుదయమును ఎత్తి ఆవుకు వేయుచున్నారు. నూతికి దారి శుభ్రముగనే యున్నది.